అణుపరీక్షలకు ఎదురు నిలిచిన తొరపల్లి రాజాజీ

చక్రవర్తి రాజగోపాలాచారి 1878 డిసెంబరు 10న హోసూరు సమీపాన తొరపల్లిలో గ్రామ మునసబు ఇంట జన్మించారు. హోసూరులో చదువుకొని, బెంగళూరు సెంట్రల్ కళాశాలలో చేరి 1894లో పట్టభద్రులయ్యారు. 1948 నుండి 1950 వరకు గవర్నర్ జనరల్‌గా దేశానికి సేవలందించారు.

ఆ పదవి కంటే వృద్ధాప్యంలో ఆయన చేపట్టిన కార్యమే నేడు ముఖ్యంగా స్మరింపదగినది. అమెరికా, సోవియట్ రష్యాలు ఆకాశంలో అణుబాంబులను పేల్చి పరీక్షిస్తున్న రోజులవి. ఆ ధూళి గాలిలో దేశాలు దాటి, వానతో పచ్చికపై పడి, ఆవుపాల ద్వారా పసిబిడ్డల ఎముకలలో చేరుతుంది. యుద్ధం రాకముందే కలిగే హాని అది. అమెరికాలో పలువురు ప్రాణరక్షణకై నేలమాళిగలు కట్టుకొంటుండగా, పరీక్షలను ఆపించడమే అసలైన రక్షణ అని రాజాజీ విశ్వసించారు.

1962 సెప్టెంబరులో, 83 ఏళ్ల వయసులో, గాంధీ శాంతి ప్రతిష్ఠానం బృందానికి నాయకత్వం వహించి అమెరికా వెళ్లారు. అధ్యక్షుడు కెనెడీని కలిసి, పరీక్షలను విరమించవలసిందిగా కోరారు. మరుసటి నెలలోనే క్యూబా క్షిపణుల వివాదం ప్రపంచాన్ని అణుయుద్ధపు అంచుకు చేర్చింది.

1963 ఆగస్టులో ఆకాశంలోను, అంతరిక్షంలోను, నీటిలోను పరీక్షలను నిషేధించే ఒప్పందం మాస్కోలో కుదిరింది; భారతదేశమూ సంతకం చేసింది. భూగర్భ పరీక్షలు మాత్రం ఆగలేదు. 1972 డిసెంబరు 25న రాజాజీ కన్నుమూశారు. గాలికి ఎల్లలు లేవని సరిహద్దు పల్లెలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ సత్యాన్ని అగ్రరాజ్యపు గడపదాకా మోసుకుపోయినవాడు ఈ నేల బిడ్డడే.