మాటతో పోరాడిన రాజు

నిజాంసాగర్ కాలువల కింద సేద్యం చేయడానికి కృష్ణా, గుంటూరు మండలాల నుండి వర్ని ప్రాంతానికి తరలివచ్చిన రైతుల పాత పెట్టెల్లో కిరీటధారి బొమ్మ గల వెండి రూపాయి కనబడినా ఆశ్చర్యం లేదు. ఆ కిరీటధారి ఆరవ జార్జి. నాణెం మీద నిబ్బరంగా కనిపించే ఆయనకు సభలో నోరు విప్పడమే గండంగా ఉండేది.

1895 డిసెంబరు 14న ఇంగ్లండులోని సాండ్రింగ్‌హామ్‌లో జన్మించిన ఆయన తొలి పేరు ఆల్బర్ట్. ఎనిమిదేళ్ల ప్రాయానికే నత్తి పట్టుకున్నది. ఎడమచేతి వాటం గల ఆ బాలుని కుడిచేత్తో రాయమని నిర్బంధించారు. తండ్రి ఐదవ జార్జి కొడుకు తడబాటును సహించేవాడు కాదు. నత్తికి ఇవే కారణాలని పలువురు తలచారు. అయితే మెదడులో వాక్కును నడిపే వ్యవస్థ ఎదుగుదలలోని తేడా, వంశపారంపర్యం ప్రధాన హేతువులని నేటి శాస్త్రం చెబుతున్నది. భయం నత్తిని ఎక్కువ చేయగలదు గాని, అదే దానికి మూలం కాదు.

1925 అక్టోబరు 31న వెంబ్లీ ప్రదర్శన ముగింపు సభలో ఆయన ప్రసంగించాడు. మాటకూ మాటకూ నడుమ దీర్ఘమైన మౌనం. వక్తకూ శ్రోతలకూ అది యాతనే అయింది.

మరుసటి ఏడు అక్టోబరు 19న ఆయన లండను హార్లీ వీధిలోని లయొనెల్ లోగ్ వద్దకు వెళ్లాడు. లోగ్ ఆస్ట్రేలియా దేశీయుడు. వైద్యపట్టా లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో దెబ్బతిని మాట తడబడిన సైనికులకు తర్ఫీదునిచ్చిన అనుభవమే ఆయన అర్హత. ఊపిరిని అదుపులో ఉంచడం, కష్టమైన పదాలను పదేపదే పలకడం, నిత్యం సాధన చేయడం ఆ చికిత్సలోని అంశాలు. 1927 డిసెంబరు నాటికి వారు 82 సార్లు కలుసుకున్నారు. ఆ మధ్యనే మే 9న కాన్‌బెర్రాలో పార్లమెంటు భవన ప్రారంభ ప్రసంగాన్ని ఆయన గట్టెక్కించాడు.

1936 డిసెంబరులో అన్న సింహాసనం వదలగా, కోరని కిరీటం తమ్మునికి వచ్చింది. బోధనులో చక్కెర కర్మాగారం రూపుదిద్దుకుంటున్న 1937లోనే మే 12న పట్టాభిషేకం జరిగింది. 1939 సెప్టెంబరు 3న యుద్ధవార్తను రేడియోలో ప్రజలకు చెప్పవలసి వచ్చినప్పుడు లోగ్ పక్కనే నిలిచాడు. నాలుకకు అడ్డుపడే పదాలను ముందే మార్చేవారు. ఎక్కడ ఆగాలో కాగితం మీద గుర్తులు పెట్టేవారు.

ఆయన సామ్రాజ్యాన్ని మనవారు ఎదిరించారు, అది న్యాయమే. గదిలో ఒంటరిగా అక్షరాలతో ఆయన చేసిన పెనుగులాట మాత్రం నత్తి ఉన్న ఏ సామాన్యునికైనా పరిచితమైనదే.

నత్తి పూర్తిగా పోలేదు. 1944 క్రిస్మస్ ప్రసంగాన్ని తొలిసారి లోగ్ తోడు లేకుండా చేశాడు. 1951లో ఊపిరితిత్తి శస్త్రచికిత్స జరిగాక, బలహీనమైన గొంతుతో క్రిస్మస్ సందేశాన్ని ముక్కలు ముక్కలుగా ముద్రణ చేయించాడు. 1952 ఫిబ్రవరి 6న నిద్రలోనే కన్నుమూశాడు. మరుసటి సంవత్సరం ఏప్రిల్ 12న లోగ్ మరణించాడు.