సదరు కోర్టు దుబాసి వెన్నెలకంటి సుబ్బారావుగారు

ఇంగ్లీషు క్రియాపదముల కాలభేదములు మన విద్యార్థులలో ననేకులకు కంఠపాఠము చేయవలసిన పట్టికలుగా మాత్రమే కనుపట్టుచున్నవి. పరీక్ష ముగిసిన మఱునాడే యవి మఱపునకు వచ్చుట యందఱు నెఱిగినదే. అట్టి కాలభేదములను దినదినమును సరిచూచుకొనుటయే జీవనవృత్తిగా గల తెలుగువా డొకడు మన పొరుగు సీమయందే జన్మించెను. ఆయనయే వెన్నెలకంటి సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1784వ సంవత్సరమున ఒంగోలు ప్రాంతమున నొక బ్రాహ్మణ కుటుంబమునందు జన్మించి, బాల్యముననే తండ్రిని గోలుపోయిరి. ఒంగోలు సీమ యప్పుడు ఆర్కాటు నవాబుగారి యేలుబడిలో నుండెను. 1801వ సంవత్సరమున కుంపిణీవారి పాలనలోనికి వచ్చెను. దొరతనము మాఱగా, కొలువు గోరువారికి ఇంగ్లీషు భాష యావశ్యకమయ్యెను. కాని దానిని క్రమముగా బోధించు పాఠశాలలు ఆ పల్లెసీమలందు లేవు. అట్టి దినములలో సుబ్బారావుగారు ఇంగ్లీషును, మఱి పెక్కు భాషలను అభ్యసించి, కుంపిణీ కొలువులలో ప్రవేశించి, 1815వ సంవత్సరమున చెన్నపట్నమందలి సదరు కోర్టునకు భాషాంతరీకర్తగాను దుబాసిగాను నియమింపబడిరి. 1829 వఱకు పదునాలుగేండ్లు ఆ యుద్యోగమును నిర్వహించిరి.

ఆ కాలమున చెన్నపట్నమున నొక విశేషము గలదు. మన భాషలు నేర్చుకొనవలసిన కుంపిణీ యుద్యోగులకై 1812వ సంవత్సరమున సెయింటు జార్జి కోటకు సంబంధించిన కళాశాల యొకటి యేర్పడెను. కాంబెల్ దొరగారు ఇంగ్లీషున రచించిన తెలుగు వ్యాకరణము 1816లో అచ్చుపడెను. దొరలు మన క్రియలను నేర్చుటకు కళాశాలయు, పండితులును, పుస్తకమును గలవు. ఒంగోలునుండి వచ్చిన తెలుగువానికి ఆ సౌకర్యములు లేవు. అయినను భారమైన పని యాతనిపైననే యుండెను.

ఆ భార మెట్టిదో గ్రహింపవలెను. సదరు కోర్టు జిల్లా కోర్టుల తీర్పులపై అప్పీళ్లు వచ్చు పెద్ద న్యాయస్థానము. 1862లో హైకోర్టు ఏర్పడగా అది యందు లీనమయ్యెను. తీర్పు చెప్పువారు ఇంగ్లీషువారు. వ్యాజ్యమాడువారు మన దేశభాషలు మాటలాడువారు. ఇరువురి నడుమ నిలుచువాడు దుబాసి.

సంతకము చేయుట యను నర్థము గల సైన్ అను క్రియను చూడుడు. ఇది క్రమక్రియ. వర్తమానమున సైన్, ప్రథమపురుషైకవచనమున సైన్స్; భూతకాలమున సైన్డ్; భవిష్యత్తున విల్ సైన్; పని ముగిసి దాని ఫలము నిలిచియున్నదని చెప్పుటకు హ్యాజ్ సైన్డ్; వేఱొక పనికి మున్నే ముగిసెనని చెప్పుటకు హ్యాడ్ సైన్డ్. మూలరూపము చెడదు. కడపటి ప్రత్యయమును, ముందు నిలుచు సహాయక్రియయు మాత్రమే కాలమును దెలుపును.

తెలుగున నట్లు కాదు. అతడు సంతకము చేయును అనగా, అది యతనికి వాడుక యనియు నగును. ఇకమీద చేయుననియు నగును. ఇంగ్లీషున మొదటిదానికి సైన్స్, రెండవదానికి విల్ సైన్ అనవలెను. దుబాసి సందర్భమునుబట్టి యేదో యొకటి తేల్చుకొనక తప్పదు. అట్లే సంతకము చేసెను అనుదానిని సైన్డ్ అనవలెనా, హ్యాడ్ సైన్డ్ అనవలెనా యనుట, పత్రము ముందు పుట్టెనా, సొమ్ము ముందు చేతులు మాఱెనా యను వివాదమునకు ముడిపడియుండవచ్చును. మఱల, ఇంగ్లీషున నీవు చేసితివి, మీరు చేసితిరి అను రెంటికిని సైన్డ్ అను నొక్క రూపమే చాలును. తెలుగు చేయునపుడు ఎందఱు చేసిరో, ఎట్టివారితో మాటలాడుచున్నారో తెలిసికొనవలెను. ఒక ప్రత్యయము తప్పినచో నొకని పొలము మఱియొకని పాలు కావచ్చును. కాలభేదము ఆ చోట వ్యాకరణము మాత్రమే కాదు, న్యాయము.

ఇట్టి యనుభవము గలవాడు గనుకనే, 1820వ సంవత్సరమున చెన్నపట్నపు పాఠ్యపుస్తక సంఘమున సభ్యులై, సుబ్బారావుగారు నాటి చదువుల స్థితినిగూర్చి యొక నివేదిక సమర్పించిరి. పిల్లలు అర్థ మెఱుగకయే గ్రంథములను వల్లించుచుండుటను వారు లోపముగా నెత్తిచూపిరి. వల్లెవేయుటచేత ఇంగ్లీషు క్రియయును పూర్తిగా వశము కాదు. భూతకాలమును దెలుపు ఈడీ యను రెండక్షరములు వ్రాతలో నొక్కటియే. పలుకుటలో మాత్రము సైన్డ్ అనుచోట డకారము, ఆస్క్ట్ అనుచోట టకారము, వాంటెడ్ అనుచోట నొక యక్షరమే యధికముగా వినవచ్చును. చూచివ్రాతవలన మాత్రమే యిది తెలియునది కాదు. విని, పలికి, వాడినగాని తెలియదు.

సుబ్బారావుగారు తమ జీవితచరిత్రమును తామే ఇంగ్లీషున వ్రాసికొని, 1839వ సంవత్సరమున కాలధర్మము నొందిరి. ఆ గ్రంథమును వారి కుమారుడు 1873లో అచ్చువేయించెను. తెలుగువారిలో ఆత్మకథ వ్రాసిన మొదటివా డాయనయే యని సాహిత్యచరిత్రకారులు చెప్పుచున్నారు. పరులు చెప్పిన కాలములను పదునాలుగేండ్లు తూచి యందించినవాడు, తన గతించిన కాలమును తానే పరభాషా క్రియలలో నిలిపి పోయెను.

ఆయన గతించిన మూడేండ్లకు, 1842లో, హయ్యరు దొరగారు గుంటూరు చేరి పాఠశాలలు నెలకొల్పిరి. ఆ సుబ్బారావుగారికి లేని బడియు, పుస్తకమును, ఉపాధ్యాయుడును నేడు బ్రాడీపేట పిల్లలకు గలవు. విద్యార్థులారా! పట్టికలోని ప్రతి రూపమును జరిగినదా, జరుగుచున్నదా, జరుగనున్నదా యను ప్రశ్నకు సత్యమైన యుత్తరముగా నేర్చుకొనుడు. తల్లిదండ్రులును, బిడ్డ పట్టిక నప్పగించినంతనే తృప్తి చెందక, నేడేమి చేసితివి, రేపేమి చేయుదువు అని యడిగి, ఇంగ్లీషున రెండు వాక్యములు చెప్పించిన మిక్కిలి మేలు.