మైకేల్ డేవిట్

ఐర్లండు రాజధానియగు డబ్లిను నగరమున, ట్రినిటీ కళాశాల గ్రంథాలయమునందు మైకేల్ డేవిట్ ఉత్తరములును దినచర్యలును భద్రపఱుపబడియున్నవి. దున్నువాడు తలయెత్తి నిలుచుటకు ఆ దేశము పడిన పాట్లు వానియందు కానవచ్చును. కాని ఆయన జీవితమును మార్చివైచిన ఉత్తరము మొదట పోలీసుల చేజిక్కినది.

డేవిట్ 1846వ సంవత్సరము మార్చి 25వ తేదీన మేయో జిల్లాలోని స్ట్రేడ్ గ్రామమున జన్మించెను. అది ఉర్లగడ్డ పంట కుళ్లి జనులు ఆకలిచే మడియుచుండిన కాలము. కౌలు బకాయి పడినందున 1850లో ఆ కుటుంబము ఇల్లువెడలగొట్టబడి ఇంగ్లండునకు వలసపోయెను. అచ్చట నూలుమిల్లులో పనిచేయుచు, పదునొకండేండ్ల ప్రాయమున, ఆ బాలుడు యంత్రమునబడి కుడిచేతిని పోగొట్టుకొనెను. పిదప తపాలా కచేరిలో కొలువుచేసి, చదువు నేర్చి, ఆయుధబలముచే స్వరాజ్యమును సాధింపదలచిన ఫీనియనుల రహస్యసంఘమున 1865లో చేరెను.

1869లో ఆ సంఘమునందలి యువకుడొకడు, ద్రోహియని తాననుమానించిన వానిని చంపబూనెను. సూటిగా వారించిన వినడని యెఱిగి, పెద్దల యనుమతి లేనిదే ఏమియు చేయవలదని డేవిట్ ఉత్తరము వ్రాసెను. హత్యను ఆపుటకై వ్రాసిన ఆ యుత్తరమే హత్యను ప్రోత్సహించినట్లు 1870లో న్యాయస్థానమున ఆయనపై ప్రయోగింపబడెను. పదునైదేండ్ల కఠినశిక్ష పడెను. ఒంటిచేతి ఖైదీ డార్ట్‌మూరు మున్నగు చెఱసాలలలో ఏడేండ్లకుపైగా మ్రగ్గి, 1877 డిసెంబరులో విడుదలయ్యెను.

వెలుపలికి వచ్చిన డేవిట్ పగతీర్చుకొనబూనలేదు. రైతు బహిరంగముగా సంఘటితుడైననే భూస్వామ్యబలము సడలునని నిశ్చయించి, 1879 అక్టోబరులో భూసంఘమును స్థాపించెను. దానికి అధ్యక్షుడైన పార్నెల్ స్వయముగా భూస్వామి యగుట గమనింపదగినది. మఱుసటి యేట మేయోలో బాయికాట్ అను ఏజెంటుతో రైతులెవరును పనికి గాని పలుకునకు గాని సంబంధము పెట్టుకొనలేదు. ఆతని పంటకోతకు అల్స్టరునుండి కూలీలను రప్పించి, సైన్యమును కావలి నిలుపవలసివచ్చెను. ఆతని పేరే ఆ యుద్యమవిధానమునకు పేరై లోకమున నిలిచినది.

1881లో ప్రభుత్వము డేవిట్‌ను మరల చెఱబట్టెను. ఆ యేటనే న్యాయమైన కౌలును నిర్ణయించు శాసనమును చేయవలసివచ్చెను. చెఱలోనుండగనే 1882లో మీత్ ప్రజలు ఆయనను పార్లమెంటునకు ఎన్నుకొనిరి గాని, శిక్షితుడన్న కారణముచే ఆ యెన్నిక చెల్లలేదు. భూమి సర్వప్రజల సొత్తు కావలెనని ఆయన కోరెను; ఈ విషయమున పార్నెల్ ఆయనతో ఏకీభవింపలేదు, రైతులును తమ చేని తామే ఏలుకొనగోరిరి. 1889 విచారణసంఘము ఎదుట ఆయన అయిదు దినములు మాటలాడి తన పక్షమును విన్నవించెను.

ఆయన సానుభూతి స్వదేశముతో ముగియలేదు. ఐర్లండు స్థానమొకదానినుండి దాదాభాయి నౌరోజీని పార్లమెంటునకు పంపవలెనని పార్నెల్‌కు సూచించెను, అది నెఱవేఱలేదు. బోయరు యుద్ధమును నిరసించి 1899లో తన సభ్యత్వమును విడిచెను. 1903లో రష్యాకు పోయి, కిషినేవులో యూదులపై జరిగిన ఘోరములను లోకమునకు తెలిపెను.

ఆ 1903లోనే, ప్రభుత్వఋణముతో రైతులు భూములను కొనుటకు విశేషముగా వీలుకల్పించు శాసనము వచ్చెను. భూస్వాములకు వెల హెచ్చుగా ముట్టుచున్నదని డేవిట్ దానిని ఆక్షేపించెను. 1906 మే 30న ఆయన డబ్లినులో మరణించెను. బాల్యమున వెడలగొట్టబడిన స్ట్రేడ్ గ్రామముననే సమాధిచేయబడెను.

1879లో ఐర్లండు రైతులు ముందుగా వేడినది కౌలుతగ్గింపు మాత్రమే. అది సకాలమున దొరకకుండుటచే, ఇరువదినాలుగేండ్లలో భూమియే చేతులు మాఱుటకు మార్గమేర్పడెను. భూమిగలవారు తమ రైతుల ఉత్తరములను శ్రద్ధతో చదువుకొనుట మేలని ఆ చరిత్ర తెలుపుచున్నది.