కాంక్రీటులో కళ చూసిన కార్బూజియే

చండీగఢ్ నగర రూపశిల్పిగా ప్రఖ్యాతి గాంచిన లె కార్బూజియే 1887 అక్టోబరు 6న స్విట్జర్లాండ్‌లో జన్మించారు. అసలు పేరు షార్ల్ ఎడ్వార్ జాన్నెరే. యువకుడిగా పారిస్ చేరి, అగుస్త్ పెరె వద్ద కాంక్రీటు నిర్మాణ మెళకువలు అభ్యసించారు.

దేశ విభజనతో లాహోరును కోల్పోయిన పంజాబుకు నూతన రాజధాని అవసరమైంది. 1951లో ఆయన ఆ నగర ప్రణాళికను తీర్చిదిద్దారు. హైకోర్టు, సచివాలయం, శాసనసభ భవనాలను పైపూత లేని కాంక్రీటుతో రూపొందించారు. పోతపోసిన అచ్చుల గురుతులను గోడలపై అలాగే నిలపడం ఆయన శైలి. 1965 ఆగస్టు 27న ఫ్రాన్స్ దక్షిణ తీరాన సముద్రంలో ఈదుతూ కన్నుమూశారు.

ఇటువంటి కట్టడాలకు తుప్పే ప్రధాన శత్రువు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చొచ్చుకుపోయి కాంక్రీటు క్షారగుణాన్ని తగ్గిస్తుంది. తేమ తగిలిన ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బుతాయి. పైపొర పెచ్చులూడుతుంది. సిమెంటు పూసి రంగు వేస్తే పగుళ్లతోపాటు శిల్పి ముద్ర కూడా మరుగునపడుతుంది. అందువల్ల దెబ్బతిన్న భాగాన్ని మాత్రమే తొలగించి, చువ్వలను శుభ్రపరచి, రక్షణ పూత వేసి, పాత రంగుకూ గరుకుదనానికీ సరిపోయే మిశ్రమంతో పూరించవలసి ఉంటుంది.

చండీగఢ్ క్యాపిటల్ సముదాయం సహా ఆయన రూపొందించిన 17 నిర్మాణాలను 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి ప్రభుత్వ మ్యూజియం పరిరక్షణ ప్రణాళికకు 2017లో గెట్టీ ఫౌండేషన్ నిధులిచ్చింది. కాంక్రీటు కట్టడాన్ని సైతం శిలాలయమంత శ్రద్ధతో కాపాడుకోవాలని కార్బూజియే వారసత్వం గుర్తుచేస్తోంది.