జిమ్ కార్బెట్: ఒక తూటా విలువ

1875లో నైనిటాల్‌లో జన్మించిన జిమ్ కార్బెట్, ఒక గొట్టము పగిలిన జంట తుపాకితో బాల్యముననే వేట నేర్చిరి. 1907లో చంపావత్ ఆడపులిని కూల్చినప్పుడు, ఎవరిదో పాత తుపాకి దెబ్బకు దాని కోరలు విరిగియుండుట చూచిరి. లేళ్లను పట్టజాలకనే అది 436 మందిని బలిగొన్నదని గ్రహించిరి. ఆ విజయమునకు బహుమానముగా .275 రిగ్బీ రైఫిల్ లభించినది. దాని తూటా సన్నని 7 మిల్లీమీటర్లది, లేడివేటకు తగినది. పులులకై బరువైన .450/400 జంట రైఫిల్‌ను ఉంచుకొనినను, 1926లో రుద్రప్రయాగ చిరుతను ఆ చిన్న తూటా ఒక్కదానితోనే ముగించిరి. 1955లో కెన్యాలో గతించిరి.

జంతువునకు తగిన తూటాను ఎన్నుకొనుట, తగిన చోట తగులునన్న నమ్మకము లేనిదే పేల్చకుండుట వేటగాని ధర్మమని మేము తలంచుచున్నాము. గాయపడి తప్పించుకొనిన మృగము బాధను తుదకు అనుభవించినది నిరపరాధులైన పల్లెప్రజలే కదా!