వెలుగుబొమ్మల స్రష్ట ఎమీల్ రేనో

ప్రతి సంవత్సరమూ అక్టోబరు 28వ తేదీన పలు దేశాలలో అంతర్జాతీయ యానిమేషన్ దినోత్సవం జరుగుతుంది. చేతితో గీసిన బొమ్మను తెరమీద నడిపించి, నవ్వించి, ఏడిపించే కళకు అది పండుగ. అంతర్జాతీయ యానిమేషన్ చిత్రసంఘం 2002లో దీనిని నెలకొల్పినది. ఆ తేదీనే ఎన్నుకొనుటకు కారణం, 1892లో అదేనాడు పారిస్ నగరంలో ఎమీల్ రేనో జరిపిన ప్రదర్శన. పండుగ పేరు విన్నవారిలో కూడా ఆ మహనీయుని కథ ఎరిగినవారు తక్కువ.

రేనో 1844 డిసెంబరు 8వ తేదీన పారిస్ సమీపాన మోంత్రేయ్‌లో జన్మించినాడు. తండ్రి గడియారాల పనిలోను, పతకాలు చెక్కడంలోను నేర్పరి. తల్లి నీటిరంగుల చిత్రలేఖనంలో ప్రవీణురాలు. యంత్రజ్ఞానం తండ్రివద్ద, కుంచెపట్టే విద్య తల్లివద్ద అలవడినవి. తరువాత ల్ పుయ్ పట్టణంలో ప్రజలకు విజ్ఞానశాస్త్రంపై ఉపన్యాసాలిస్తూ, మాజిక్ లాంతరుతో తెరపై బొమ్మలు చూపి బోధించేవాడు.

ఆ రోజులలో కదిలే బొమ్మల ఆటవస్తువులు లేకపోలేదు. కాని వానిని సన్నని చీలికలగుండా చూడవలసి యుండుటచే బొమ్మ మసకగా కనిపించేది. రేనో చీలికలు తీసివేసి, తిరిగే డబ్బా నడుమ పన్నెండు అద్దాలు నిలిపినాడు. డబ్బా లోపలి అంచున పన్నెండు బొమ్మల పట్టీ చుట్టి త్రిప్పితే, అద్దాలలో ఆ బొమ్మలు ఒకటై స్పష్టంగా కదిలేవి. అదే 1877నాటి ప్రాక్సినోస్కోపు.

పన్నెండు బొమ్మలలో ఒక చిన్న కదలిక ఇముడుతుంది గాని కథ ఇమడదు. అందుచేత వందలాది బొమ్మలను పారదర్శకమైన జెలటిన్ పలకలపై స్వయంగా చిత్రించి, వరుసగా కూర్చి, రంధ్రాలుగల పొడవైన పట్టీగా చేసినాడు. ఈ ఆప్టికల్ థియేటరుకు 1888లో పేటెంటు పొందినాడు.

1892 అక్టోబరు 28న పారిస్‌లో మైనపు విగ్రహాలకు పేరొందిన గ్రెవాఁ ప్రదర్శనశాలలో మూడు బొమ్మల కథలు తెరపై ఆడినవి. గాస్తోఁ పోలాఁ వాటికి సంగీతం కూర్చినాడు. తెరవెనుక రేనో పట్టీని చేతితో త్రిప్పుతూ, ముందుకూ వెనుకకూ నడుపుతూ, కొన్ని వందల బొమ్మలతోనే పావుగంట కథ నడిపేవాడు. ల్యూమియేర్ సోదరుల ప్రసిద్ధ చలనచిత్ర ప్రదర్శనకు ఇది మూడేళ్ల ముందటి మాట. 1900 వరకు సుమారు ఐదు లక్షల మంది ఈ ఆటలు చూచిరి.

జయమెంత గొప్పదో బంధనమంత గట్టిది. ఒప్పందం ప్రకారం ఆ చిత్రాలను మరెక్కడా చూపరాదు. ఆటలు నడిపే భారమూ, వాడుకలో చెడిన పట్టీలను బాగుచేసే భారమూ ఆయనవే. కొత్త చిత్రం గీయుటకు నెలలు పట్టేది. 1895 తరువాత కెమెరా నిమిషాలలో చిత్రాలు తీయసాగినది. జనం అటు మరలినారు. 1900లో ఆట ఆగిపోయినది.

లేమి, నిరాశ రేనోను క్రుంగదీసినవి. చివరకు, 1913 ప్రాంతంలో, తన పట్టీలలో అధికభాగాన్ని తానే సేన్ నదిలో పారవేసినాడు. ఏళ్ల తరబడి ఒక్కొక్క బొమ్మగా గీసిన కృషి అట్లు నీటిపాలైనది. 1918 జనవరి 9వ తేదీన ఈవ్రీలోని వైద్యశాలలో కన్నుమూసినాడు.

పేద పియెరో కథ, సముద్రతీరపు స్నానశాల కథ, ఈ రెండు మాత్రం మిగిలినవి. రేనో కృతులకు 2015లో యునెస్కో ప్రపంచ స్మృతిపట్టికలో స్థానం లభించినది. ఆయన దేశంలోనే, ఆన్సీ పట్టణంలో, 1960లో ఆరంభమైన అంతర్జాతీయ యానిమేషన్ చిత్రోత్సవం నేడు లోకప్రసిద్ధం.

ఉపాధ్యాయులు వచ్చే అక్టోబరు 28న ఒక డబ్బా, పన్నెండు చిన్న అద్దాలు, ఒక కాగితపు పట్టీ సమకూర్చి, విద్యార్థులచేత బొమ్మలు గీయించి త్రిప్పించవచ్చును. నదిలో కలిసిన బొమ్మలు తిరిగిరావు. వానిని కదిలించిన విద్య మాత్రం పిల్లల చేతులలో మరల కదులుతుంది.