మూడేళ్ల పిల్లలకు చదవడం నేర్పాలా? మాంటిస్సోరి జీవితం ఏం చెబుతోంది?



మూడేళ్లు నిండినా మా పాప ఇంకా చదవడం లేదేమిటి అని నర్సరీ పేరెంట్స్ తరచూ అడుగుతుంటారు. పక్కింటి బాబు అప్పుడే ఏ టూ జెడ్ అప్పజెప్పేస్తున్నాడన్న బెంగ కూడా ఆ ప్రశ్నలో ఉంటుంది. ఇదే ప్రశ్న నూరేళ్ల కిందట ఒక డాక్టరుకి ఎదురైంది. ఆమె పేరు మన ఊళ్లలో ఎన్నో బడుల బోర్డుల మీద మీరు చూసే ఉంటారు. ఆమే మరియా మాంటిస్సోరి.

ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీలో పుట్టారు. ఆడపిల్లలు మెడిసిన్ చదవడం చాలా అరుదైన రోజుల్లో, 1896లో రోమ్‌లో డాక్టరయ్యారు. మొదట బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లల దగ్గర పనిచేశారు. చేత్తో పట్టుకునే వస్తువులతో నేర్పితే, వాళ్లలో కొందరు మామూలు పిల్లలతో పాటు పరీక్ష రాసి పాసయ్యారు. అందరూ మెచ్చుకున్నారు. ఆమెకు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. ఏ లోపమూ లేని పిల్లలు బడుల్లో ఎందుకు ఇంతకంటే ముందుకు పోవడం లేదు?

1907 జనవరి 6న రోమ్‌లోని సాన్ లొరెంజో అనే పేదల పేటలో ఆమె పిల్లల ఇల్లు తెరిచారు. తల్లిదండ్రులు పనికి వెళ్తే, ఇంకా బడి వయసు రాని దాదాపు 50 మంది పిల్లలు అక్కడ ఉండేవారు. వాళ్లకు అక్షరాలు నేర్పాలన్న ఉద్దేశం ఆమెకు లేదు. ఆరేళ్ల లోపు చదువు వద్దన్నది అప్పటి అభిప్రాయం, ఆమెదీ అదే. కానీ చదువు రాని ఆ తల్లులే వచ్చి, మా పిల్లలకు నేర్పండి అని అడిగారు.

ఆమె ఒప్పుకున్నారు కానీ పుస్తకంతో మొదలుపెట్టలేదు. గరుకు కాగితాన్ని అక్షరాలుగా కత్తిరించి అట్టల మీద అంటించారు. పిల్లలు వేలితో అక్షరం మీద దిద్దుతూ దాని ధ్వని పలికేవారు. మన వీధిబడుల్లో ఇసుకలో దిద్దించడం, అక్షరాభ్యాసం రోజు బియ్యంలో వేలితో రాయించడం గుర్తొస్తున్నాయా? దీనికంటే ముందే ఆ పిల్లలు సొంతంగా బొత్తాలు పెట్టుకోవడం, గీతల లోపల రంగులు నింపడం లాంటి పనులతో చేతివేళ్లకు పట్టు తెచ్చుకున్నారు.

ఆ డిసెంబరులో ఒకరోజు మేడ మీద ఐదేళ్ల బాబుకి సుద్దముక్క ఇచ్చి, పొగగొట్టం బొమ్మ వేయమన్నారు. వాడు బొమ్మ వేసి, ఉన్నట్టుండి పక్కనే ఒక మాట రాశాడు. తనకు రాయడం వచ్చని కేకలు వేస్తూ ఇంకో రెండు మాటలు రాశాడు. వాడిని చూసి మిగతా పిల్లలూ మొదలుపెట్టారు. చదవడం ఆ తర్వాత వచ్చింది. చీటీ మీద ఉన్న పేరు చదివితే ఆ ఆటబొమ్మ ఇస్తామన్నారు. పిల్లలు బొమ్మలు వద్దని, ఇంకా చీటీలు ఇమ్మన్నారు.

ఈ వార్త దేశదేశాలకూ పాకింది. నాలుగైదేళ్లకే రాస్తున్నారన్నదే చాలామందికి గుర్తుండిపోయింది. దాని వెనక నెలల తరబడి చేతికీ చెవికీ జరిగిన సాధననూ, ఏ పిల్లనూ బలవంతపెట్టలేదన్న సంగతినీ మర్చిపోయారు.

మాంటిస్సోరికి ఒక బాధ ఉండేది. 1898లో పుట్టిన కొడుకు మారియోను, ఆనాటి సమాజానికి జడిసి, పల్లెలో వేరే కుటుంబం దగ్గర పెంచాల్సి వచ్చింది. ఊరి పిల్లలందరి చిన్నతనాన్నీ దగ్గరుండి చూసిన ఆమె, సొంత బిడ్డ చిన్నతనాన్ని మాత్రం చూడలేకపోయారు. పెద్దయ్యాక అతనే ఆమె పనికి కుడిభుజమయ్యాడు.

1939లో, 69 ఏళ్ల వయసులో, ఆమె మారియోతో కలిసి మద్రాసు అడయారుకు వచ్చారు. అప్పుడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. మొదటి శిక్షణకే దాదాపు 300 మంది టీచర్లు చేరారు. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో బ్రిటిష్ ప్రభుత్వం మారియోను నిర్బంధించి, ఆమె 70వ పుట్టినరోజుకి విడిచిపెట్టింది. యుద్ధం వల్ల ఆమె 1946 దాకా ఇక్కడే ఉండిపోయారు. ఆ ఏళ్లలో పసిపిల్లలను దగ్గర నుంచి గమనించారు. పుట్టినప్పటి నుంచి మూడేళ్ల వరకు పిల్లలు ఎవరూ పాఠం చెప్పకుండానే చుట్టూ వినే భాషను పీల్చుకుంటారని, 1949లో మద్రాసులో అచ్చయిన పుస్తకంలో వివరించారు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో కన్నుమూశారు.

మరి మనం ఏం చేయాలి? మూడేళ్ల లోపు ఫ్లాష్ కార్డులు పక్కనపెట్టి మాటలు పెంచండి. కార్డు చూసి యాపిల్ అనే పాప చాలాసార్లు బొమ్మను గుర్తుపడుతోంది, అక్షరాలను కాదు. ఆదివారం మాసబ్ చెరువు గట్టుకు తీసుకెళ్లి, కనిపించినవాటి పేర్లు చెప్పండి. తెలుగులోనైనా ఇంగ్లిష్‌లోనైనా, మీకు ధారాళంగా వచ్చిన భాషలోనే చెప్పండి. షర్టు బొత్తాలు వాళ్లనే పెట్టుకోనివ్వండి, బస్సుకి ఐదు నిమిషాలు ఆలస్యమైనా సరే.

ఇటాలియన్ మన తెలుగులా దాదాపు పలికినట్టే రాసే భాష. ఇంగ్లిష్ అలా కాదు. క్యాట్‌లో సి ఒకలా, సిటీలో మరోలా పలుకుతుంది. అందుకే ఇంగ్లిష్ చదవడానికి ఇంకాస్త సమయం పడుతుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఒకటో తరగతికి ముందు మూడేళ్లూ ఆటపాటలతోనే నేర్పమంటోంది.

షాపు బోర్డు చూపించి అదేం అక్షరం అని మీ పాప తనంతట తానే అడిగిన రోజు, ఆగకుండా చెప్పండి. అడగని రోజున కథ చెప్పి నిద్రపుచ్చండి.